మొదటి డీర్ రైఫిల్‌కి తూటా ఎంపిక: తన్ను తక్కువ, గురి ఎక్కువ

విశాఖలో ఏ వీధి చూసినా డాలస్‌లోనో హ్యూస్టన్‌లోనో పిల్లలున్న ఇళ్లు నాలుగైనా తగులుతాయి. ఆఫీసు స్నేహితుల పుణ్యమా అని ఆ పిల్లల్లో కొందరికి నవంబరు వేట సీజన్ మీద మనసు పడుతోంది. నేను సాన్ ఆంటోనియోలో చాలాకాలం ఉండి సీతమ్మధారకి తిరిగొచ్చినవాణ్ని కాబట్టి, బంధువుల్లో తుపాకీ మాట వస్తే ఫోన్ నాకే వస్తుంది. మొన్న మా అక్క కొడుకు చేశాడు.

"మావయ్యా, .300 విన్ మాగ్ తీసుకుందామనుకుంటున్నా. పెద్దది ఉంటే దేనికైనా పనికొస్తుంది కదా."

"ఇప్పటిదాకా ఏం పేల్చావురా?"

"కాలేజీలో ఎన్‌సీసీ పాయింట్ టూ టూ."

.22 అన్నిటికంటే చిన్న రకం, తన్ను దాదాపు ఉండదు. .300 విన్ మాగ్, అంటే విన్‌చెస్టర్ మాగ్నమ్, మందు బాగా పట్టే, భుజాన్ని గట్టిగా తన్నే పెద్ద తూటా. వాడికి చెప్పిందే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను. దుప్పి, జింక, అడవిపంది లాంటి మధ్యస్థ జంతువులకి మొదటి రైఫిల్ కొనేవాళ్లు షాపులో అడుగుపెట్టేముందు ఏం తేల్చుకోవాలి, ఏ వరసలో తేల్చుకోవాలి అన్నది విషయం. నా పక్షపాతం దాచను. ట్రిగ్గర్ నొక్కేటప్పుడు భయం వేయని తూటాయే మంచి తూటా. మిగతా లెక్కలన్నీ దాని తర్వాతే. తూటా అంటే ఇక్కడ ఇత్తడి తొడుగు, లోపలి మందు, ముందున్న బుల్లెట్ అన్నీ కలిపి.

ముందు కాగితాలు

ఇది వేట చట్టబద్ధంగా ఉన్న చోటుకే వర్తిస్తుంది. మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది. కంబాలకొండలో దుప్పి మీద గురిపెట్టినా, పాడేరు అడవిలో నాటు తుపాకీ పేల్చినా అది నేరమే. విచిత్రం ఏమిటంటే, మన చుక్కల దుప్పినే 1930లలో టెక్సాస్ తీసుకెళ్లి వదిలారు. అక్కడది బాగా పెరిగిపోయి, ఇప్పుడు బయటి జాతిగా లెక్కలోకి వస్తుంది, ఏడాదిలో ఎప్పుడైనా వేటాడొచ్చు. ఆంధ్ర రాష్ట్ర జంతువైన కృష్ణజింక పరిస్థితీ అక్కడ అంతే. లైసెన్సు, ర్యాంచ్ యజమాని అనుమతి ఉంటే చాలు.

వీసా మీద ఉన్నవాళ్లు ఈ పేరా రెండుసార్లు చదవండి. హెచ్-1బి, హెచ్-4, ఎఫ్-1 లాంటి నాన్-ఇమిగ్రెంట్ వీసాల మీద అమెరికాలో ఉన్నవాళ్లకి తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉండటం ఫెడరల్ చట్టం ప్రకారం నిషిద్ధం. మినహాయింపులు కొన్నే ఉన్నాయి. అందరూ వాడేది, ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు. కొనడమే కాదు, రేంజ్‌లో అద్దెకు తీసుకుని పేల్చినా ఇదే లెక్క. టెక్సాస్‌లో ప్రైవేటు భూమిలో యజమాని అనుమతితో అడవిపందుల్ని కొట్టడానికి 2019 నుంచి వేట లైసెన్సు అక్కర్లేదు. అది విని మనవాళ్లు లైసెన్సు తీసుకోకుండా బయల్దేరతారు. పందికి లైసెన్సు అక్కర్లేదు సరే, వీసా మీద ఉన్నవాడికి తుపాకీ పట్టుకునే అర్హత ఇచ్చేది ఆ లైసెన్సే. తుపాకీ కేసు పడితే దేశం నుంచి పంపించేసే దాకా వెళ్లొచ్చు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకి ఈ అడ్డు లేదు.

తూటా సైజు మీద కూడా ఒక్కో రాష్ట్రానిది ఒక్కో రూలు. వర్జీనియాలో డీర్‌కి .23 క్యాలిబర్ (అంగుళాల్లో బుల్లెట్ మందం) కంటే చిన్నది పనికిరాదు. కొలరాడోలో కనీసం .24 క్యాలిబర్, 70 గ్రెయిన్ల (బుల్లెట్ బరువు కొలత) బుల్లెట్, 100 గజాల దగ్గర 1000 అడుగు-పౌండ్ల శక్తి ఉండాలి. కాలిఫోర్నియాలో 2019 జులై నుంచి వేటకి సీసం బుల్లెట్లే వాడకూడదు. ఒహాయో, అయోవా లాంటి చోట్ల డీర్‌కి ఎలాంటి తొడుగున్న తూటా వాడాలన్నదానికీ ప్రత్యేక రూల్స్ ఉన్నాయి. మీ రాష్ట్రం రూల్స్ పుస్తకం చూడకుండా కింద రాసినది చదివి లాభం లేదు.

జంతువు బరువు, మీ దూరం

విశాఖ జూలో చుక్కల దుప్పిని దగ్గరగా చూసినవాళ్లకి సైజు తెలుస్తుంది. బాగా ఎదిగిన మగది 70 నుంచి 90 కిలోలు ఉంటుంది. టెక్సాస్ హిల్ కంట్రీలో వైట్‌టెయిల్ డీర్ అంతకంటే చిన్నదే. ఉత్తరాది రాష్ట్రాలకి వెళ్లేకొద్దీ అదే జాతి 100 కిలోలు దాటుతుంది. కృష్ణజింక 40 కిలోలకి అటూ ఇటూ. ఇవన్నీ మన లెక్కలో మధ్యస్థమే. మనుబోతు మాత్రం కాదు. టెక్సాస్ దక్షిణాన అదీ ఉంది. మగది 200 కిలోలు దాటుతుంది, చర్మం మందం, ఎముక గట్టి. ఈ వ్యాసంలోని తేలికపాటి తూటాలతో దాని జోలికి వెళ్లొద్దు.

దూరం విషయంలో నిజం మాట్లాడుకోవాలి. కొత్తవాడు 500 గజాల గురించి వీడియోలు చూస్తాడు. మంచె మీద కూర్చుని మొదటి డీర్‌ని కొట్టేది చాలావరకు 150 గజాల లోపే. కాబట్టి 200 గజాల దాకా నమ్మకంగా పనిచేసే తూటా వెతుకుదాం.

తన్ను ఎంతో లెక్క కట్టండి

తుపాకీ వెనక్కి ఎంత తన్నుతుందన్నది మూడింటి మీద ఆధారపడుతుంది: బుల్లెట్ బరువు, దాని వేగం, లోపల కాలే మందు బరువు. మందు పొగై బ్యారెల్ నుంచి బుల్లెట్ కంటే వేగంగా బయటికి దూసుకొస్తుంది కాబట్టి దాని వాటా చిన్నదేం కాదు. మాగ్నమ్‌లు భుజం విరిచేది సగం ఇందుకే. ఈ మూడింటి తోపుడునీ రైఫిల్ బరువు పంచుకుంటుంది.

స్కోప్‌తో (గురి చూసే దుర్బీనుతో) కలిపి ఏడున్నర పౌండ్లు, అంటే 3.4 కిలోలు ఉండే మామూలు రైఫిల్ తీసుకుని లెక్క కడితే, అడుగు-పౌండ్లలో సుమారుగా ఇలా వస్తుంది. .223 అయితే 3. .243 విన్‌చెస్టర్ 100 గ్రెయిన్ల బుల్లెట్‌తో 9. పాతకాలపు .30-30 అయితే 10. 6.5 క్రీడ్‌మోర్ 140 గ్రెయిన్లతో 12న్నర. 7 ఎంఎం-08 రెమింగ్టన్ 13న్నర. .308 విన్‌చెస్టర్ 150 గ్రెయిన్లతో 15న్నర. .30-06 180 గ్రెయిన్లతో 21. మావాడు కొందామనుకున్న .300 విన్ మాగ్ 28. వంద గ్రెయిన్లంటే ఆరున్నర గ్రాములే. అంత చిన్న ముక్క మీద ఇంత తేడా వస్తోంది.

కొత్తవాళ్లలో ఎక్కువమందికి 15 దాటాక గురి చెడటం మొదలవుతుంది. 20 దాటితే అలవాటున్నవాళ్లు కూడా బెంచ్ మీద ఓ డబ్బా పేల్చాక బ్రేక్ అడుగుతారు. నేనైతే మొదటి రైఫిల్‌కి 14 దగ్గర గీత గీస్తాను.

ఇక్కడే షాపువాడి మాట జాగ్రత్తగా వినాలి. "ఇది తేలిక, కొండ ఎక్కడానికి హాయి" అని ఆరు పౌండ్ల రైఫిల్ చేతిలో పెడతాడు. అదే .308 తూటా ఆరు పౌండ్ల రైఫిల్లో 19 దాటుతుంది. తొమ్మిది పౌండ్ల రైఫిల్లో 13కి దిగుతుంది. అంటే తూటా మార్చకుండా రైఫిల్ బరువు మార్చి కూడా తన్ను తగ్గించుకోవచ్చు. మీరు కారు దిగి మంచె దాకా నడిచే దూరం ఎంతో చూసుకుంటే, ఆ మూడు పౌండ్లు మోయడం పెద్ద కష్టం కాదని మీకే తెలుస్తుంది.

మజిల్ బ్రేక్ గురించి ఒక్క మాట. బ్యారెల్ చివర బిగించే ఈ చిల్లుల గొట్టం తన్ను బాగా తగ్గిస్తుంది, కానీ చప్పుడుని పక్కలకి, వెనక్కి కొడుతుంది. వేటలో చాలామంది చెవికి ఏమీ పెట్టుకోరు. ఒక్క దెబ్బకి చెవిలో మోత శాశ్వతంగా ఉండిపోవచ్చు. బ్రేక్ ఉంటే తప్ప పేల్చలేని తూటా అయితే అది మీ తూటా కాదు.

స్టాక్ మీ ఒంటికి సరిపోవాలి

లెక్కలో 12 వచ్చిన తన్ను, స్టాక్ (భుజానికి ఆనించే వెనక భాగం) సరిపోకపోతే భుజానికి 20లా తెలుస్తుంది. అమెరికన్ రైఫిల్ స్టాక్ ట్రిగ్గర్ నుంచి వెనక అంచు దాకా సాధారణంగా పదమూడున్నర అంగుళాల పైన ఉంటుంది. ఐదడుగుల ఐదంగుళాల మనిషికి అది పొడుగు. మోచేయి మడిచి, స్టాక్ వెనక భాగాన్ని ఆ మడతలో ఆనించి, చూపుడువేలు ట్రిగ్గర్‌కి అందుతోందా చూడండి. వేలు సాగదీయాల్సి వస్తే పొడుగైనట్టే. ఈ పరీక్ష షాపులో చొక్కా మీద చేయకండి, వేటకి వేసుకునే మందపాటి జాకెట్ వేసుకుని చేయండి. జాకెట్ మందం కూడా స్టాక్ పొడవులోనే కలుస్తుంది. ఆడవాళ్లకి, పొట్టివాళ్లకి 'యూత్' లేదా 'కాంపాక్ట్' మోడల్ కొనడానికి నామోషీ పడక్కర్లేదు. వెనక మెత్తటి రబ్బరు ప్యాడ్ ఉందా అన్నది కూడా చూడండి.

స్కోప్‌కీ కంటికీ మధ్య మూడున్నర అంగుళాలు ఉండాలి. కొత్తవాడు బొమ్మ పెద్దగా కనిపించాలని మెడ ముందుకి చాపుతాడు. తుపాకీ వెనక్కి వస్తుంది, స్కోప్ అంచు కనుబొమ్మ మీద నెలవంకలా గాటు పెడుతుంది. రేంజ్‌కి వెళ్లినప్పుడు గమనించండి, ఆ మచ్చ ఉన్నవాళ్లు ఒకరిద్దరు తప్పక కనిపిస్తారు.

ఇక తూటాలు

నేను ఎవరికైనా మొదట చెప్పేది మూడే.

.243 విన్‌చెస్టర్ 1955లో వచ్చింది. .308 తొడుగు మెడని నొక్కి 6 ఎంఎం బుల్లెట్ పట్టేలా చేశారు. అదే ఏడాది రెమింగ్టన్ కూడా .244 పేరుతో అలాంటిదే తెచ్చింది. బుల్లెట్ సైజు ఒకటే, శక్తి దాదాపు ఒకటే, కానీ రెమింగ్టన్ ఓడిపోయింది. కారణం బ్యారెల్ లోపలి మెలిక, అంటే బుల్లెట్‌ని గిరగిరా తిప్పే గాడుల తిరుగుడు. రెమింగ్టన్ వాళ్లు దీన్ని నక్కల్లాంటి చిన్న జంతువులకే అనుకుని 12 అంగుళాలకి ఒక చుట్టు తిరిగే మెలిక పెట్టారు. 100 గ్రెయిన్ల పొడవాటి డీర్ బుల్లెట్ ఆ నెమ్మది తిరుగుడికి స్థిరంగా వెళ్లదు. విన్‌చెస్టర్ పెట్టిన 10 అంగుళాల మెలికకి వెళుతుంది. ఒకే తుపాకీతో నక్క, దుప్పి రెండూ కుదరాలనుకున్న జనం .243 వైపు వెళ్లిపోయారు. రెమింగ్టన్ 1963లో మెలిక మార్చి, పేరు మార్చి మళ్లీ తెచ్చినా అప్పటికే ఆలస్యమైంది. ఈ కథ ఎందుకు చెప్పానంటే, పాత రైఫిల్ చవగ్గా దొరికితే మెలిక ఎంతో అడగకుండా కొనకండి.

.243 చేతిలో చాలా హాయిగా ఉంటుంది. లోటల్లా, పక్కకి తిరిగి నిలబడిన దుప్పిని ముందుకాలు వెనగ్గా కొడితే బ్రహ్మాండం గానీ, ఏటవాలుగా నిలబడినదాన్ని భుజం ఎముక గుండా కొట్టాలంటే మిగులు తక్కువ. సరైన భంగిమ కోసం ఆగే ఓపిక ఉన్నవాళ్లకి ఇది చాలు.

6.5 క్రీడ్‌మోర్ 2007లో హార్నడీ కంపెనీ తెచ్చింది. టార్గెట్ షూటింగ్ కోసం పుట్టి వేటలోకి వచ్చింది. బుల్లెట్ సన్నగా, పొడవుగా ఉండటంతో గాలిని బాగా కోసుకుని వెళుతుంది, మాంసంలోనూ లోతుగా దిగుతుంది. దీని చుట్టూ జరిగిన ప్రచారం చూస్తే నాకు కాస్త చిరాకే. స్వీడన్, నార్వేల్లో 6.5×55 అనే పంతొమ్మిదో శతాబ్దపు తూటాతో తరతరాలుగా మూస్‌ని (దుప్పి జాతిలో అతి పెద్దదాన్ని) కొడుతూనే ఉన్నారు. క్రీడ్‌మోర్ చేసేది ఇంచుమించు ఆ పనే. అయినా ఒకటి ఒప్పుకోవాలి, కొత్తవాడికి ఇవాళ ఇంత సులువుగా రైఫిల్, తూటాలు రెండూ దొరికేది ఇందులోనే.

7 ఎంఎం-08 రెమింగ్టన్ 1980 నాటిది, ఇదీ .308 కుటుంబమే. నన్ను ఒక్కటే ఎంచుకోమంటే ఇదే ఎంచుకుంటాను. 140 గ్రెయిన్ల బుల్లెట్ సెకనుకి 2800 అడుగుల వేగంతో వెళుతుంది. తన్ను .308 కంటే తక్కువ, దెబ్బ దానికి తీసిపోదు. టెక్సాస్ అడవిపందికి, ముఖ్యంగా భుజం మీద గట్టి పొరలా చర్మం పెరిగిన పెద్ద మగపందికి, .243 కంటే ఇది నమ్మకం. చిన్న ఊళ్ల షాపుల్లో దీని డబ్బాలు అన్నిసార్లూ దొరకవు. అదొక్కటే ఇబ్బంది.

మిగతావి త్వరగా. .30-30 లీవర్ యాక్షన్ రైఫిల్లో అందంగా ఉంటుంది, 150 గజాల లోపు అడవికి మంచిది, ఆ పైన వేగం పడిపోతుంది. .257 రాబర్ట్స్, .260 రెమింగ్టన్ మంచి తూటాలే గానీ షాపుల్లో వెతుక్కోవాలి. .223తో డీర్‌ని కొట్టొచ్చని చాలామంది అంటారు, కొన్ని రాష్ట్రాలు ఒప్పుకుంటాయి కూడా. అది బాగా చేయితిరిగినవాళ్ల పని, మొదటి ఏడాది వద్దు.

స్నేహితుడు తన పాత .30-06 ఊరికే ఇస్తానన్నాడా? వద్దనకండి. తక్కువ మందుతో, 125 గ్రెయిన్ల బుల్లెట్‌తో, తన్ను బాగా తగ్గించిన డబ్బాలు దానికి దొరుకుతాయి. 200 గజాల లోపు పని చక్కగా అవుతుంది.

బుల్లెట్ తేడా

తూటా పేరు ఒకటే అయినా డబ్బాలో బుల్లెట్ ఏమిటన్నదే జంతువు తొందరగా పడుతుందో, గాయంతో పారిపోతుందో తేలుస్తుంది. .243లో పెద్ద ఉచ్చు ఇదే. ఒకే అరలో 58 గ్రెయిన్ల డబ్బా, 100 గ్రెయిన్ల డబ్బా పక్కపక్కనే ఉంటాయి. మొదటిది చిన్న జంతువులకి, తగలగానే పేలిపోయేలా చేసింది. దుప్పి భుజానికి తగిలితే పైపైనే చిట్లిపోయి ఘోరమైన గాయం చేస్తుంది, ఊపిరితిత్తుల దాకా పోదు. 90 నుంచి 100 గ్రెయిన్ల సాఫ్ట్ పాయింట్ (ముక్కున సీసం బయటికి ఉండి విచ్చుకునే రకం) గానీ, రాగి తొడుగుకి సీసం అతికించిన బాండెడ్ రకం గానీ తీసుకోండి.

పూర్తి రాగి బుల్లెట్లు ముక్కలవ్వవు, అందుకే తేలికది తీసుకున్నా లోతుగా దిగుతాయి. .243లో 80, 85 గ్రెయిన్ల రాగి బుల్లెట్ తన్నునీ కాస్త తగ్గిస్తుంది. కాకపోతే విచ్చుకోవడానికి వేగం కావాలి, దూరం పెరిగితే సన్నటి చిల్లు చేసి దాటిపోవచ్చు. ఫుల్ మెటల్ జాకెట్ రకం (ముక్కుతో సహా లోహం కప్పి ఉండి, విచ్చుకోనిది) రేంజ్‌కే, వేటకి కాదు. చాలా రాష్ట్రాల్లో అది నేరం కూడా.

ఇంకో ముఖ్యమైన మాట. తూటా వెనక, ఇత్తడి అడుగున గుండ్రంగా దాని పేరు చెక్కి ఉంటుంది. బ్యారెల్ పక్కన ఉన్న పేరుతో అది అక్షరం అక్షరం కలవాలి. 6.5 అని ఉంటే చాలదు. 6.5 క్రీడ్‌మోర్ వేరు, 6.5 పీఆర్‌సీ వేరు, 6.5 గ్రెండెల్ వేరు. .243, 7 ఎంఎం-08, .308 మూడూ ఒకే తొడుగు నుంచి పుట్టినవి, బల్ల మీద కలిసిపోతే చూపుకి తెలియదు. రేంజ్ బల్ల మీద ఒకసారికి ఒకే రకం డబ్బా ఉంచండి.

కొనేముందు భుజాన్ని అడగండి

రైఫిళ్లు అద్దెకిచ్చే రేంజ్‌కి వెళ్లండి, లేదా తెలిసినవాళ్లని అడిగి వాళ్ల పక్కన పేల్చండి. పరీక్ష ఇలా. స్నేహితుడు మీకు కనిపించకుండా ఒకసారి నిజం తూటా, ఒకసారి లోపల మందు లేని డమ్మీ పెట్టి ఇస్తాడు. ఏది ఉందో మీకు తెలియదు. డమ్మీ వచ్చినప్పుడు 'టిక్' మంటుంది అంతే. ఆ క్షణంలో బ్యారెల్ చివర కిందికి ముక్కు దించిందా, కన్ను మూసుకుందా, భుజం ముందుకి తోసిందా? దీన్ని ఫోన్‌లో స్లో మోషన్ తీయమనండి. మీరు ఒప్పుకోకపోయినా వీడియో ఒప్పిస్తుంది. రెండు అంగుళాలు ముక్కు దించితే ఎంత ఖరీదైన స్కోప్ కూడా కాపాడలేదు.

ఆ ఉలికిపాటు కనిపిస్తే ఒక మెట్టు కిందికి దిగండి. 7 ఎంఎం-08లో కనిపిస్తే .243కి. .243లోనూ కనిపిస్తే .22కి వెళ్లి మళ్లీ మొదలుపెట్టండి. సెలవులకి వైజాగ్ వచ్చినప్పుడు పది మీటర్ల ఎయిర్ రైఫిల్ రేంజ్‌లో రోజూ ఓ గంట గడిపినా లాభమే. అందులో తన్ను ఉండదు కాబట్టి పెల్లెట్ బయటికి వెళ్లాక కూడా గురి కదలకుండా ఉండటం చేతికి అలవాటవుతుంది.

జీరో, హద్దు

తూటా, బుల్లెట్ తేల్చుకున్నాక అదే రకం డబ్బాలు నాలుగైదు ఒకేసారి కొనండి. బ్రాండ్ మారితే గుండు పడే చోటు మారుతుంది. పై మూడు తూటాల్లో దేన్నైనా 200 గజాలకి జీరో చేస్తే (ఆ దూరంలో గురి పెట్టిన చోటే బుల్లెట్ పడేలా స్కోప్ సరిచేస్తే), 100 గజాల దగ్గర అంగుళంన్నర నుంచి రెండు అంగుళాలు పైకి, 300 దగ్గర ఏడెనిమిది అంగుళాలు కిందికి పడుతుంది. దుప్పి గుండె, ఊపిరితిత్తులు ఉన్న భాగం ఎనిమిది పది అంగుళాల వెడల్పు. అంటే 200 దాకా లెక్కలేమీ అక్కర్లేదు, నేరుగా మధ్యలో పెట్టి నొక్కడమే.

తర్వాత బెంచ్ వదిలేయండి. కూర్చుని, మోకాలి మీద ఆనుకుని, మంచెలో ఎలా ఉంటారో అలా, పెద్ద భోజనం పళ్లెం సైజు కాగితం మీద పేల్చండి. వరసగా ఐదు గుళ్లూ పళ్లెం లోపల పడే అత్యధిక దూరం ఎంతో, ఈ సీజన్‌కి మీ హద్దు అంతే. అది 120 గజాలైతే 120 గజాలే. తూటా డబ్బా మీద 400 గజాల పట్టిక ముద్రించి ఉండొచ్చు, అది మీ గురించి కాదు.

ఇండియా బయల్దేరేముందు

రేంజ్‌కి తీసుకెళ్లిన బ్యాగులో బట్టలు సర్దుకుని విశాఖ రావద్దు. అడుగున ఉన్న జిప్పు అరలో, జాకెట్ లోపలి జేబులో ఒక్క తూటా మిగిలి ఉన్నా ఇక్కడ ఆయుధాల చట్టం కింద కేసు అవుతుంది. "చూసుకోలేదు సార్" అంటే అక్కడికక్కడే వదిలేయరు. కుటుంబమంతా బయట పూలదండతో ఎదురుచూస్తుంటే లోపల స్టేట్‌మెంట్ రాస్తూ కూర్చోవాలి. ఖాళీ ఇత్తడి తొడుగు కనిపించినా ప్రశ్నలు తప్పవు. వేటకి వాడే బ్యాగు, జాకెట్ అక్కడే గ్యారేజీలో విడిగా పెట్టేసి రండి.